పిల్లి కాదు, గడియారం

కావలి,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

ఎట్టుండావురా? ఇక్కడ ఎండ దంచేస్తోంది, కరెంటు వస్తూ పోతూ ఉంది.

సెలవులని మా అక్క కొడుక్కి కంప్యూటర్లో కొట్టే లినక్స్ ఆజ్ఞలు నేర్పుతున్నా. మొదటిరోజే నోటుబుక్కులో 'క్యాట్ అంటే పిల్లి' అని రాసుకున్నాడు! "మామా, ఫైలు చూపించడానికి పిల్లెందుకు?" అంటాడు. పిల్లి కాదురా, కాంకాటినేట్‌లో ముక్క, ఫైళ్ళను ఒకదాని వెనక ఒకటి అతికించడం దాని అసలు పని అన్నా. పాపం, మొహం చిన్నబోయింది. పోనీ కుక్క ఉందిలే అని ఓదార్చా. లినక్స్‌కి నమూనా అయిన పాత యూనిక్స్‌లో, బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళ రకంలో, మెయిల్ వచ్చిందని చెప్పే 'బిఫ్' నిజంగానే అక్కడి ఒక కుక్క పేరు.

ఇంక వదిలితేనా! కాపీ, మూవ్ ఆజ్ఞలైన సీపీ, ఎంవీలలో అచ్చులన్నీ ఎవరు మింగారంటాడు. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో అప్పుడు టెలిటైపులు, అంటే కాగితం మీద అచ్చుకొట్టే టైపు మిషన్లు. మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలే కొట్టేది, మీటలేమో బిరుసు. ఆ వేళ్ళ నొప్పే పేర్లలో మిగిలిపోయింది. మనమూ గుణింతాలు పీకేస్తే నెల్లూరు కాస్తా 'నల్లర' అయ్యేది! ఫైలు సృష్టించే 'క్రియేట్'లో అయితే చివరి 'ఈ' కూడా కొట్టేశారు. యూనిక్స్ మళ్ళీ రాస్తే ఏం మారుస్తావంటే, ఆ 'ఈ' పెడతానన్నాడట దాన్ని రాసినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్.

నాకిష్టమైంది మాత్రం ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్. 'ఈడీ' అనే పాత ఎడిటర్‌లో ఫైలంతా గాలించు అనడానికి 'జీ', వెతకాల్సిన నమూనా (దాన్నే 'ఆర్ఈ' అంటారు), దొరికిన వరుసలు అచ్చెయ్యి అనడానికి 'పీ' కొట్టేవాళ్ళు. రోజూ కొట్టే ఆ ఆజ్ఞే పేరైపోయింది. ఫైళ్ళలోంచి కావలసిన వరుసలు ఏరే, 1977 నాటి 'ఆక్'కి అంత కథేం లేదు. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలు, అంతే.

పక్కపక్కన కూర్చున్న నలుగురు తమలో తాము పెట్టుకున్న పేర్లురా ఇవి. హాస్టల్లో నిన్ను 'గడియారం' అనేవాళ్ళం గుర్తుందా? నువ్వు ఏ రోజూ టైముకి రాలేదని. కొత్తగా చేరిన జూనియర్ అది నీ ఇంటిపేరే అనుకుని, ఏడాదిపాటు 'గడియారం గారూ' అన్నాడు!

ఈ కథ మావాడికి చెప్పడమే తప్పయింది. వాళ్ళ నాన్న ఎరువుల కొట్టు లెక్కల్లోంచి గడువు దాటిన బాకీలు ఏరే చిన్న స్క్రిప్టు (ఆజ్ఞల చిట్టా) రాశాడు వాడు. దానికి 'గడియారం' అని పేరు పెట్టాడు. మా బావ రోజూ పొద్దున్నే నీ పేరు కొడుతున్నాడు.

నీ
రమణ