ఫిల్టర్ పేపరు దగ్గర మొదలయ్యే ఉద్యోగం

సంపాదకుల వారికి,

పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో పత్రికల కెరీర్ పేజీల్లో పర్యావరణ కన్సల్టెన్సీకి కూడా ఈమధ్య కాస్త చోటు దొరుకుతోంది. సంతోషం. కానీ వాటిలో చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీయో, సివిల్, కెమికల్ బీటెక్కో చేసి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులు రాయడం నేర్చుకుంటే మంచి భవిష్యత్తు ఉందని. రిపోర్టు రాయడం ఈ పనిలో ఆఖరి ఘట్టం. దానికి ముందు ఏం చేయాలో, పదేళ్ల తర్వాత సొంత సంస్థ పెట్టుకుంటే ఎక్కడ దెబ్బ తగులుతుందో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

తెలియనివారి కోసం క్లుప్తంగా: 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం గని, సిమెంటు ఫ్యాక్టరీ, బల్క్ డ్రగ్ యూనిట్ లాంటివి పెట్టేముందు పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ‘ఎ’ కేటగిరీ అయితే కేంద్ర మంత్రిత్వ శాఖ, ‘బి’ అయితే రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. దరఖాస్తు పరివేష్ పోర్టల్లో పెడితే, ఏమేం అధ్యయనం చేయాలో చెబుతూ టీఓఆర్ ఇస్తారు. నివేదిక తయారుచేసే సంస్థకు క్యూసీఐ-నాబెట్ (భారత నాణ్యతా మండలి విభాగం) గుర్తింపు ఉండాలి. ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల కమిటీ పరిశీలన. ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే. కష్టమంతా ‘బేస్‌లైన్’ దగ్గర ఉంటుంది. అంటే, ఫ్యాక్టరీ రాకముందు అక్కడి గాలి, నీరు, నేల, చప్పుడు ఎలా ఉన్నాయో కొలిచిపెట్టడం.

ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల వలయం గీస్తారు. వర్షాకాలం కాని ఒక సీజన్‌లో 12 వారాలు, వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటలు గాలి నమూనాలు తీయాలి. సాధారణంగా 8 చోట్ల శాంప్లర్లు (గాలి పీల్చి నమూనా పట్టే మిషన్లు) పెట్టమంటారు. అంటే ఒక్క పీఎం 2.5కే (2.5 మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము) 192 ఫిల్టర్లు. ఈ శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీలుస్తుంది, 24 గంటల్లో 24 ఘనపు మీటర్లు. గాలిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల సన్నటి దుమ్ము ఉందనుకుంటే, రోజంతా నడిపితే ఫిల్టరు మీద చేరేది 1.2 మిల్లీగ్రాములు. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే అందులో పదహారో వంతు! తూకంలో 0.1 మిల్లీగ్రాము తేడా వస్తే ఫలితంలో 4 మైక్రోగ్రాములు అటూఇటూ అవుతుంది. అందుకే ఫిల్టరును వేలితో ముట్టరు, చిన్న పట్టకారుతో పట్టుకుంటారు. వాడేముందు, వాడిన తర్వాత 24 గంటలు ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమలో ఉంచి మైక్రో బ్యాలెన్స్ మీద తూస్తారు. తేమ పట్టిన ఫిల్టరును వచ్చిన పూటే తూచేసే ల్యాబులు ఉన్నాయి. అక్కడ దుమ్ముతో పాటు నీళ్లను కూడా తూస్తున్నారన్నమాట.

ఇక కరెంటు. శాంప్లర్‌ను పంచాయతీ ఆఫీసు మీదో బడి మీదో పెడతాం. మధ్యలో 3 గంటలు కరెంటు పోయింది. మిషన్ నడిచింది 21 గంటలే. టైమర్ చూడకుండా లెక్కలో 24 గంటల గాలి వేసేస్తే, 50 ఉండాల్సింది 44 అవుతుంది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు, కానీ రిపోర్టులో గాలి శుభ్రపడిపోయింది. ఫీల్డ్ షీట్‌లో మొదలైన టైమర్ రీడింగు, ఆగిన రీడింగు, రెండు వేళల ఫ్లో విడివిడిగా రాయించకపోతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. చోటు ఎంపిక కూడా అంతే. నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తు, చెట్లకు 20 మీటర్ల దూరం ఉండాలి. కింద టీ కొట్టు కట్టెల పొయ్యి ఉంటే మనం కొలిచేది ఊరి గాలిని కాదు, ఆ పొయ్యిని.

అంతకన్నా ఎక్కువగా చెడేది సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్‌ల దగ్గర. వీటిని ద్రావణంలోకి పీల్చి పడతారు. 4 గంటలకోసారి ఇంపింజర్ (ద్రావణం పోసిన గాజు సీసా) మార్చాలి, రోజుకు 6 సార్లు. 8 చోట్లు, 24 రోజులు లెక్కేస్తే ఒక్కో వాయువుకు 1,152 నమూనాలు. రాత్రి రెండింటికి ఎవరో ఒకరు నిద్రలేచి మేడ ఎక్కాలి. నెలకు చాలీచాలని జీతం ఇచ్చి, పడుకోవడానికి చోటు చూపించకుండా పంపిన కుర్రాడు లేవడు. పొద్దున్నే ఆరు సీసాలూ ఒకేసారి నింపేస్తాడు. లేచినా ఐస్ బాక్స్ లేకపోతే లాభం లేదు; రామగుండం మే నెల ఎండలో ద్రావణం పట్టిన సల్ఫర్ డయాక్సైడ్ వేడికి తగ్గిపోతుంది. తప్పు కుర్రాడిదని చెప్పడం తేలిక. దగ్గరదగ్గర ఉన్న స్టేషన్ల గుంపు ఒక్కోదానికి ఇద్దరిని పెట్టి, షిఫ్టులు రాసి, ఐసుకూ భోజనానికీ ముందే డబ్బిచ్చి పంపని యజమానిదే తప్పు.

కల్పించిన అంకెలు పట్టుకోవడం అనుభవం ఉన్నవారికి కష్టం కాదు. సీజనంతా పీఎం 10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము) విలువలు 58కీ 63కీ మధ్యే ఊగుతుంటే అవి కాకి లెక్కలే. సంక్రాంతి వారంలో నమూనాలు తీశామంటూ అందులో భోగిమంటల జాడే లేకపోతే అనుమానించాలి. పీఎం 2.5 అనేది పీఎం 10లో భాగం. అదే చోట, అదే రోజు పీఎం 2.5 ఎక్కువ ఉందని ఉంటే టేబుల్ టైపు చేసినవాళ్లు కూడా చదవలేదన్నమాట. మర్రిగూడ లాంటి మండలంలో ఎనిమిది బోర్లలోనూ ఫ్లోరైడ్ లీటరుకు 0.3 మిల్లీగ్రాములే అని చూపిస్తే నల్గొండ ఫ్లోరైడ్ సంగతి తెలిసిన కమిటీ సభ్యుడు ఊరుకోడు. వన్యప్రాణుల జాబితా మరీ తేలిగ్గా దొరికిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక షెడ్యూళ్లు (చట్టంలోని జీవుల జాబితాలు) ఆరు నుంచి నాలుగయ్యాయి. ఇప్పటికీ కాకిని ‘షెడ్యూల్ 5’ అని రాస్తున్నారంటే పాత రిపోర్టు అతికించినట్టే. నెమలి మొదటి నుంచీ షెడ్యూల్ 1 (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) పక్షే. తెలంగాణ పల్లెల్లో పొలం పొలానా అది కనపడుతుంటే ‘షెడ్యూల్ 1 జీవులు లేవు’ అని రాయడానికి చేయి ఎలా వస్తుందో! ఇంతకుమించిన విడ్డూరం మహారాష్ట్రలో జరిగింది. రత్నగిరి జిల్లా బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదిక పేరాలు యథాతథంగా దొరికాయి. కొంకణ తీరంలో మంచుదేశాల స్ప్రూస్, బర్చ్ అడవులు మొలిచాయి.

కాబట్టి ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు మొదటి మాట: తొలి రెండేళ్లు ఫీల్డూ ల్యాబూ వదలకండి. బోరు నీళ్లు పట్టేముందు ఐదు పది నిమిషాలు మోటారు ఎందుకు నడపాలి, లోహాల పరీక్ష సీసాలో నైట్రిక్ ఆమ్లం, సీఓడీ (నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) పరీక్ష సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు వేయాలి, కరిగిన ఆక్సిజన్‌ను ఒడ్డునే ఎందుకు ఫిక్స్ చేయాలి, ఇవి చేతికి రావాలి. తర్వాత నాబెట్ చెప్పే 12 ఫంక్షనల్ ఏరియాల్లో (నైపుణ్య విభాగాల్లో) ఒకటి పట్టుకోండి. అన్నీ తెలిసిన జనరలిస్టులు చాలామంది ఉన్నారు. భూగర్భ జలాలు, ప్రమాదాల అంచనా, గాలి మోడలింగ్ గట్టిగా వచ్చినవారికే కొరత. హైదరాబాద్‌లో ఈపీటీఆర్ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ) లాంటి సంస్థ శిక్షణ ఇస్తుంది, వాడుకోవచ్చు.

మోడలింగ్ అంటే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ కన్నా ముందు యూనిట్లు. చిమ్నీ ఎత్తుకు కాలుష్య నియంత్రణ బోర్డులు వాడే సూత్రంలో గంటకు విడుదలయ్యే సల్ఫర్ డయాక్సైడ్‌ను కిలోల్లో తీసుకుని, దాని 0.3 ఘాతాన్ని 14తో గుణించాలి. 0.5 శాతం గంధకం ఉన్న బొగ్గు గంటకు ఒక టన్ను కాల్చే బాయిలరు 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది. చిమ్నీ 28 మీటర్లు రావాలి. అదే అంకెను సెకనుకు గ్రాముల్లో, అంటే 2.78గా వేస్తే 19 మీటర్లు వస్తుంది. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. కింద ఉన్న ఊరు మాత్రం ఆ తొమ్మిది మీటర్లకు మూల్యం చెల్లిస్తుంది. గాలివాటం కూడా అలాంటిదే. విశాఖ లాంటి చోట పగలు సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి గాలి వీస్తుంది, చుట్టూ కొండలు. సైటులో వాతావరణ కేంద్రం పెట్టి గంటగంటకూ నమోదు చేయకుండా ఎయిర్‌పోర్టు సగటుతో సరిపెడితే పొగ ఎటు పోతుందో చెప్పలేం.

ప్రజాభిప్రాయ సేకరణలో తెలుగు గురించి ఒక మాట. 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, నివేదిక సారాంశాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి. ‘ఫ్యుజిటివ్ ఎమిషన్స్’ను ‘పరారైన ఉద్గారాలు’ అని తర్జుమా చేస్తే రైతుకేం అర్థమవుతుంది? ‘లారీలు తిరిగినప్పుడు, క్రషర్ నడిచినప్పుడు లేచే దుమ్ము’ అంటే సరిపోతుంది. సారాంశం ముందే అర్థమైతే సభలో ప్రశ్నలు సూటిగా వస్తాయి, జవాబు రాయడమూ సులువు. చాలా సంస్థలు ఈ అనువాదాన్ని చివరి రోజు డీటీపీ సెంటరుకు అప్పగిస్తాయి.

ఇక సంస్థ నడపడం. పైన చెప్పిన తప్పుల్లో సగం, ఆఫీసులో ఫీజు ఒప్పందం రాసిన రోజే జరిగిపోతాయి. పరిశ్రమ యజమాని సాధారణంగా అడ్వాన్సు కొంతే ఇచ్చి, పెద్ద వాటా ‘ఈసీ (పర్యావరణ అనుమతి) వచ్చాకే’ అంటాడు. ఫీల్డ్ ఖర్చు మొదటి మూడు నెలల్లోనే అయిపోతుంది, డబ్బు ఏడాదిన్నర తర్వాత వస్తుంది, రాకపోనూ వచ్చు. అప్పుడు ఎనిమిది స్టేషన్లు ఐదవుతాయి, 24 రోజులు 10 అవుతాయి, మిగతాది ఎక్సెల్ నింపుతుంది. పైగా అనుమతి వస్తేనే తన డబ్బు వచ్చే కన్సల్టెంట్ ‘ఈ చోటు పనికిరాదు’ అని రాస్తాడని ఆశించడం అత్యాశే. మా సలహా: వర్క్ ఆర్డరుతో 30 శాతం, బేస్‌లైన్ డేటా అప్పగించగానే 30, ముసాయిదా నివేదికకు 25, తుది నివేదిక అప్‌లోడుకు 15. అనుమతికి ముడిపెట్టి ఒక్క రూపాయి కూడా వద్దు. ఈ షరతుకు ఒప్పుకోని క్లయింటును మొదటి ఏడాదిలో వదులుకోవడం కష్టమే, మూడో ఏడాదిలో అతని బాకీ వసూలు చేయడం ఇంకా కష్టం.

ఇన్వాయిస్ వేశాక క్లయింటు చెల్లించకపోయినా 18 శాతం జీఎస్టీ మనం కట్టాల్సిందే. కాబట్టి ముందు ప్రొఫార్మా (పన్ను బాధ్యత రాని ముందస్తు బిల్లు) పంపండి. ఉద్యం రిజిస్ట్రేషన్ తప్పక చేయించండి: సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటి బాకీ పెడితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కు చట్టం ఇచ్చింది. పైగా ఆ మొత్తాన్ని చెల్లించేదాకా క్లయింటు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడు. మార్చి నెలలో ఈ ఒక్క వాక్యం గుర్తుచేస్తే చెక్కులు కదులుతాయి.

మొదటి రోజే ఈఐఏల వెంట పడకండి. కంప్లయన్స్ (అనుమతుల షరతులు పాటిస్తున్నట్టు నివేదికలిచ్చే) పనితో మొదలుపెట్టండి. అనుమతి ఉన్న ప్రతి ప్రాజెక్టూ జూన్ 1కీ డిసెంబర్ 1కీ అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. ప్రమాదకర వ్యర్థాల ఫారం-4 జూన్ 30లోపు, ఎన్విరాన్‌మెంట్ స్టేట్‌మెంట్ ఫారం-5 సెప్టెంబర్ 30లోపు వేయాలి. సీఎఫ్‌ఓ (ఫ్యాక్టరీ నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి) రెన్యువల్ వేరే. చిన్న చిన్న మొత్తాలే, కానీ తేదీ తప్పకుండా వస్తాయి, జీతాలు గడుస్తాయి. మరో జబ్బు అరువు పేర్లు. నిపుణుడి బయోడేటా పెట్టి గుర్తింపు తెచ్చుకుంటారు, ఆయన సైటు మొహం చూడడు. ఆయన మానేసిన రోజు ఆ విభాగం ఖాళీ. ప్రతి నిపుణుడి వెనక మరొకరిని ఎదగనివ్వని సంస్థ ఒక్క రాజీనామా దూరంలో ఉంటుంది.

అయితే మంచి యజమాని ఒక్కడి వల్ల ఇది బాగుపడదు. గుజరాత్‌లో 2009-11 మధ్య అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 ఫ్యాక్టరీలతో ఒక ప్రయోగం జరిగింది. తర్వాత నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో ఆ బృందంలో ఉన్నారు. ఫ్యాక్టరీయే ఆడిటర్‌ను ఎంచుకుని డబ్బిచ్చే పాత పద్ధతిలో, దుమ్ము పరిమితి దాటినవి 7 శాతమేనని ఆడిటర్లు రాశారు. విడిగా కొలిస్తే 59 శాతం తేలింది. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీలో కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి స్థిరమైన ఫీజు ఇచ్చి, అక్కడక్కడ మళ్లీ కొలిచారు. తప్పుడు రిపోర్టులు 80 శాతం తగ్గాయి, కాలుష్యమూ తగ్గింది. అదే ఆడిటర్లు పాత పద్ధతిలోని ఫ్యాక్టరీలకు మాత్రం పాత రాతలే రాశారు.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఆడిట్ నిబంధనల్లో ఆడిటర్‌ను యాదృచ్ఛికంగా కేటాయించే పద్ధతి పెట్టారు. అది ఫ్యాక్టరీ వచ్చాక జరిగే ఆడిట్‌కు. బేస్‌లైన్ కొలతలకూ అదే వర్తింపజేయాలని మా విజ్ఞప్తి. ప్రాజెక్టు యజమాని ఫీజును కాలుష్య నియంత్రణ మండలి దగ్గర జమ చేయాలి, గుర్తింపు ఉన్న ల్యాబును మండలి లాటరీలో కేటాయించాలి. దాంతోపాటు, టైమర్ రీడింగులున్న ఫీల్డ్ షీట్లు, ఫిల్టరు తూకాల రిజిస్టరు స్కాన్ చేసి నివేదికతో పాటే పరివేష్‌లో పెట్టించాలి. పంచాయతీ ఆఫీసు మీద మిషన్ ఆ రాత్రి నిజంగా తిరిగిందో లేదో, ఆ ఊరివాళ్లు షీటులోని తేదీ చూసి చెబుతారు.

ఇట్లు,
పర్యావరణ కన్సల్టెన్సీ రంగంలో పనిచేస్తున్న కొందరు,
హైదరాబాద్