స్పార్క్ ప్లగ్ సాకెట్ గురించి ఆరో ఉత్తరం, ఈసారైనా చదవండి

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: సాకెట్‌లోంచి ఊడిన రబ్బరు బుష్, 23 రోజులుగా మీవాళ్లు నాతో ఆడుతున్న దాగుడుమూతలు.

అయ్యా,

ముందు శుభవార్త. నిన్న సాయంత్రం మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ ఆ పరిష్కారమేమిటో, ఎవరు చేశారో కాస్త చెప్తే నేనూ సంతోషిస్తాను. నా సాకెట్ మాత్రం ఇంకా గుల్లగానే ఉంది.

వస్తువు మీద నాకు పెద్ద పేచీ లేదు. కారు ఇంజను ప్లగ్గులు విప్పి బిగించే గొట్టం పానాయే ఈ సాకెట్, దాని లోపల రబ్బరు బుష్ ఉంటుంది. ప్లగ్గు పింగాణీని అది పట్టుకుంటేనే పాత ప్లగ్గు తాను కూర్చునే లోతైన గుంతలోంచి, అదే బావిలోంచి పైకొస్తుంది, కొత్తది జారి పడకుండా కిందికి దిగుతుంది. మీరు పెట్టిన జిగురు రెండు సిలిండర్ల దాకా ఆగింది. మూడో ప్లగ్గు బిగించి లాగితే సాకెట్ ఒక్కటే వచ్చింది, బుష్ ప్లగ్గు నెత్తిన టోపీలా ఉండిపోయింది. వంకర మూతి నోస్ ప్లయర్ దించి తిప్పుతూ తిప్పుతూ లాగితే చీలి బయటపడింది. అంతే. రబ్బరన్నాక ఊడుతుంది, చీలుతుంది. ఈపాటి దానికి ఎవరూ కంపెనీలకు ఉత్తరాలు రాయరు. రాయించింది మీ మనుషులు.

మొదటి ఫోను జూన్ 3న. తెలుగుకు 4 నొక్కమంటే నొక్కాను. 19 నిమిషాలు వీణ వినిపించాక హిందీలో ఒకాయన పలికారు. జరిగిందంతా విని, ‘సార్, ఈ సాకెట్‌ను ఏ డ్రిల్లు మెషీన్‌కు తగిలించారు?’ అని అడిగారు. ప్లగ్గుకు డ్రిల్లు తగిలించేవాడు ఫోను చేయాల్సింది మీకు కాదండీ, లేతు షాపుకు. ప్లగ్గు ఎక్కే ఇంజను హెడ్డు అల్యూమినియంది. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. చేయి దూరని చోట రాచెట్ తగిలించకుండా ఎక్స్‌టెన్షన్ రాడ్డునే వేళ్లతో తిప్పాలి. ఇంకా ఇరుకైతే జానెడు పెట్రోలు పైపు ముక్కను ప్లగ్గు కొనకు తొడిగి తిప్పాలి. థ్రెడ్డు అడ్డంగా ఎక్కబోతే పైపు జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పాను. ‘ఓకే సార్, డ్రిల్లు మెషీన్ అని రాసుకుంటున్నాను’ అన్నారు. ఇప్పటికీ మీ రికార్డులో అదే ఉంది. ఆ తర్వాత మాట్లాడిన ప్రతివారూ అదే చదివి వినిపించారు.

రెండో ఆవిడ మర్యాదస్తురాలు. డబ్బా విప్పేటప్పుడు తీసిన వీడియో పంపమన్నారు. బుష్ ఊడింది డబ్బా విప్పినప్పుడు కాదమ్మా, మూడో ప్లగ్గు బిగించాక అన్నాను. ‘అర్థమైంది సార్, అయితే డబ్బా విప్పే వీడియో పంపండి’ అన్నారు.

మూడో ఆయన సాంకేతిక విభాగమట. ఇదిగో, దొరికాడు దేవుడు అనుకున్నాను. ‘మీరు మరీ గట్టిగా బిగించి ఉంటారు, అందుకే రబ్బరు ఊడింది’ అన్నారు. అయ్యా సాంకేతిక విభాగం గారూ, ప్లగ్గును తిప్పేది సాకెట్‌లోని పలకల ఇనుము. రబ్బరు పని పట్టుకోవడమే, బిగింపు బరువు దాని మీద పడదు. పైగా బిగించింది ఎంత బలం పడుతోందో అంకెలో చూపే మీ కంపెనీ టార్క్ రించీతోనే. వాషరున్న ఎం14 (14 మి.మీ. థ్రెడ్డు) ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే 15 నుంచి 20. రించీ లేనివాళ్లు కొత్త ప్లగ్గు చేతికి ఆగిన దగ్గర్నుంచి అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు తిప్పి వదిలేస్తారు, కొత్త వాషరు నలగడానికి అది చాలు. ముందే నలిగిన పాత ప్లగ్గు మళ్లీ పెడితే పన్నెండో వంతు చుట్టు సరిపోతుంది. మరి ‘గట్టిగా’ అంటే ఎంత అని అడిగాను. ‘మీడియంగా సార్’ అన్నారు.

ఆయనే ఒక చిట్కా కూడా ఇచ్చారు. బుష్ బయటికి వచ్చేసిందని అప్పటికి నాలుగుసార్లు చెప్పాను. అయినా ‘ఇంజను పది నిమిషాలు ఆన్ చేసి వేడెక్కించండి, రబ్బరు మెత్తబడి ఊడొస్తుంది’ అన్నారు. ఎవరైనా ఈ మాట నమ్మి చేస్తే ఏమవుతుందో రాస్తాను, మీ గోడకు అంటించుకోండి. బుష్ ప్లగ్గు మీద ఉంటే ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ అడుగుదాకా కూర్చోదు. లోపలి స్ప్రింగు ప్లగ్గు కొనకు ఆనదు. మూడో సిలిండరు మిస్ కొడుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, స్కానరు పెడితే పీ0303 కోడు చూపిస్తుంది. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది, అది కాలిపోతే ప్లగ్గుల ఖర్చు గుర్తు కూడా రాదు. సరే, ఇంజను వేడెక్కిందే అనుకుందాం. వేడి మీద ప్లగ్గు విప్పితే అల్యూమినియం థ్రెడ్డు ప్లగ్గుతో పాటు ఊడి రావచ్చు. అందుకే ఇంజను పూర్తిగా చల్లారాకే ఈ పని మొదలుపెడతారు. ఇది కార్ల పుస్తకం మొదటి పేజీ విషయం. మీ సాంకేతిక విభాగం ఏ పేజీలో ఉందో మరి.

ఇక నాలుగో ఫోను. అసలు కోపం దీని మీదే.

బండి వ్యాగనార్ 1.0. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇంజను నెత్తి మీదే కూర్చుంటుంది. అది తీస్తే గానీ మూడు కాయిల్సూ బయటపడవు. కాయిల్ కనెక్టరు క్లిప్పు పాతబడి పెళుసెక్కుతుంది, నొక్కి లాగాలే తప్ప పెకలించకూడదు. కాయిల్ తీశాక, ప్లగ్గు విప్పకముందే, బావిలోకి గాలి కొట్టాలి. లేకపోతే అడుగునున్న ఇసుకంతా సిలిండర్లో పడుతుంది. తర్వాత సాకెట్ దించాలి. బోనెట్ కింద జాగా లేదు కనుక పొడుగు రాడ్డు ఒక్కటే పట్టదు, రెండు పొట్టి రాడ్లను అంచెలుగా తగిలిస్తూ దించాలి. పైకి లాగేటప్పుడు ఆ అతుకు దగ్గర విడిపోయి సాకెట్ బావిలోనే ఉండిపోతుందని, అతుకుల మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేస్తాం. ఇరుకు బండి మీద పనిచేసే ఎవరిని అడిగినా చెప్తారు. నేనూ అదే వివరంగా రాసి, ఫోటోలు జతచేసి మెయిలు పెట్టాను, వివరంగా రాస్తేనైనా అర్థమవుతుందని.

ఫోను వచ్చింది. ‘సార్, ఫోటోలో మీ సాకెట్‌కు నల్ల టేపు కనబడుతోంది. ఉత్పత్తికి మార్పులు చేశారు కాబట్టి వారంటీ రద్దయింది.’

టేపు, మేనేజరు గారూ. పది రూపాయల టేపు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి ఒకడు. మీవాళ్ల ముందు అతగాడు ఎంతో నిజాయితీపరుడు. టేపు బయట, జిగురు లోపల, ఈ రెండింటికీ సంబంధమేమిటని అడిగితే పైవాళ్లకు పంపుతున్నానన్నారు. పైవాళ్లు 48 గంటల్లో మాట్లాడతారన్నారు. తొమ్మిది రోజులైంది. వాళ్లు ఇంకెంత పైన ఉన్నారో!

మధ్యలో మెయిల్లో ‘ప్లగ్గుల మార్పిడికి ఉపయోగకరమైన సూచనలు’ అని ఓ కాగితం పంపారు. అందులో రెండో సూచన: ‘థ్రెడ్లకు బాగా గ్రీజు రాయండి.’ ప్లగ్గులు చేసే ఎన్‌జీకే కంపెనీ తన ప్లగ్గులకు యాంటీ సీజ్ (థ్రెడ్డు పట్టేయకుండా రాసే జిడ్డు) పూయొద్దనే చెప్తుంది, వాటి థ్రెడ్డుకు ముందే పూత ఉంటుంది. జిడ్డు రాస్తే రాపిడి తగ్గి, రించీ అదే అంకె చూపిస్తున్నా ప్లగ్గు ఎక్కువ బిగుస్తుంది, థ్రెడ్డు సాగుతుంది. గ్రీజంటూ రాయాలంటే కాయిల్ రబ్బరు మూతి లోపల సన్నగా కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు, అది కూడా చిటికెడు. మీ కాగితంలో దాని ఊసే లేదు. ఇలాంటి కాగితాలు అచ్చేయడానికి మనుషులున్నారు, ఒక మెయిలుకు జవాబు రాయడానికి లేరు.

ఐదో ఆవిడ అన్న మాట కూడా రికార్డులో పెట్టండి: ‘సార్, ఇదంతా ఎందుకు, మెకానిక్‌కు ఇచ్చేస్తే పోయేదిగా.’ సొంతంగా ప్లగ్గులు మార్చుకోండి అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చేసింది మీరే కదండీ!

ఎనిమిదేళ్లుగా పానాల సెట్టు, రాచెట్, టార్క్ రించీ, చివరికి టార్చిలైటు కూడా మీ దగ్గరే కొన్నాను. మా వీధిలో ఎవరడిగినా మీ పేరే చెప్పాను. ఆ రోజుల్లో మీ షోరూమ్‌లో కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన కౌంటర్లో ఉండేవారు. ఏదైనా పాడైందంటే చేతిలోకి తీసుకుని చూసేవారు. ఇప్పుడు చూసేవాళ్లే లేరు, టికెట్ నంబర్లే. నాకు ఆరున్నాయి.

కావాల్సిందల్లా రబ్బరు బుష్, ఒక్కటి. మామూలు కవర్లో పెట్టి పోస్టులో పంపినా చాలు. నిజానికి పోయిన వారమే బజార్లో ఒకటి కొని అతికించుకున్నాను, కాబట్టి అది కూడా అక్కర్లేదేమో. కానీ ఆ టేపు మాట వెనక్కి తీసుకుని, రికార్డులోంచి డ్రిల్లు మెషీన్ కొట్టేసి, ప్లగ్గు అనేది ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూసిన మనిషి చేత నాకు రాతపూర్వకంగా జవాబు ఇప్పించాలి.

లేదంటారా, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నెలకు ఇంకో వారమే ఉంది. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. 2019 చట్టం వచ్చాక నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా వాయిదాలకు మీరే రావాలి. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. బుష్ ధర ఎంతని జడ్జిగారు నవ్వితే నవ్వనివ్వండి. ఆ నల్ల టేపు ఫోటో మాత్రం ఫ్రేము కట్టించి తీసుకెళ్తాను.

ఇట్లు,
ఆరు టికెట్లున్న ఒకే ఒక్క కస్టమర్

తా.క.: స్టార్లు ఇద్దామనే మీ లింకు తెరిచాను. ‘గడువు ముగిసింది, దయచేసి కస్టమర్ కేర్‌ను సంప్రదించండి’ అని వచ్చింది.