తెలుగు వ్యాఖ్యానంలో తప్పుడు లెక్కలు: మీ సైన్స్ డాక్యుమెంటరీ సిరీస్‌పై ఫిర్యాదు

నెల్లూరు

కార్యక్రమాల విభాగం అధిపతి గారికి, ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: రొయ్యల సాగు, రాకెట్లు, గ్రానైట్ క్వారీలపై మీరు ఇస్తున్న మూడు భాగాల డాక్యుమెంటరీ తెలుగు వెర్షన్‌లో తప్పుల సవరణ గురించి.

అయ్యా,

మేం నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లోని మీ చందాదారులం. మాలో స్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పేవాళ్లు, రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్లు, చీమకుర్తి క్వారీల పని తెలిసినవాళ్లు ఉన్నారు. మీ మూడు భాగాలనూ ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిష్‌లో పెట్టి, నిమిషాలు రాసుకుంటూ చూశాం. తేలింది ఇది: ఇంగ్లిష్‌లో సరిగ్గా ఉన్న విషయం చాలా చోట్ల తెలుగులోకి వచ్చేసరికి తప్పుగా మారింది. కొన్ని చోట్ల రెండింటిలోనూ తప్పే. చందా మాత్రం ఏ భాషలో చూసినా ఒకటే కడుతున్నాం.

ముందు రొయ్యల భాగం గురించి రాస్తున్నాం. ఎందుకంటే దాన్ని చూసి ఎవరైనా పాటిస్తే డబ్బు పోతుంది.

14వ నిమిషంలో మీ వ్యాఖ్యాత "వనామీకి నీటిలో 15 నుంచి 25 శాతం ఉప్పు ఉండాలి" అన్నారు. ఇంగ్లిష్‌లో ఉన్నది పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాలు అని. శాతం అంటే వందలో. సముద్రపు నీళ్లే 35 పీపీటీ, అంటే మూడున్నర శాతం. మీరు చెప్పిన 15 శాతం ఉప్పు నీళ్లు చూడాలంటే ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గరికి పోవాలి. ఆ నీళ్లలో వనామీ రకం రొయ్య బతకదు. అక్షరాల్లో చూస్తే చిన్న తేడా, లెక్కలో పది రెట్లు. గుంట పెట్టిన రైతుకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. కానీ మీ కార్యక్రమం ఆయన కోసం తీసింది కాదు కదా, ఏమీ తెలియకుండా ఆసక్తితో చూసే మామూలు ప్రేక్షకుడి కోసం తీసింది. ఆ మనిషికి ఇది తప్పని చెప్పేవాళ్లు ఎవరూ పక్కన ఉండరు.

దీనికన్నా పెద్దది 19వ నిమిషంలో ఉంది. "సూర్యోదయం తర్వాత ఎండ పెరిగేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అప్పుడు ఏరేటర్లు తప్పనిసరి" అని తెలుగులో వినిపించింది. ఏరేటర్లంటే నీటిలోకి గాలి కలిపే యంత్రాలు. ఇంగ్లిష్‌లో ఉన్నది సూర్యోదయానికి ముందు అని. ఎండ పెరిగితే అన్న ముక్క అసలు లేనే లేదు, అనువాదంలో కలిపారు. జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పగలు నీటిలోని సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ చేసి ఆక్సిజన్ వదులుతాయి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎక్కువగా ఉంటుంది. పొద్దు గుంకాక ఆ శైవలాలు, రొయ్యలు, అడుగున బురదలోని బాక్టీరియా అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే, ఇచ్చేది ఒక్కటీ ఉండదు. రాత్రంతా తరుగుతూ పోయి తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల మధ్య అట్టడుగుకు చేరుతుంది. డీఓ 4 పీపీఎం (పది లక్షల భాగాల్లో నాలుగు) కన్నా తగ్గకుండా చూడమని, ఒక హార్స్‌పవర్ ఏరేటర్‌కు 400 నుంచి 500 కిలోల రొయ్యను లెక్క వేసుకోమని చెప్పేది ఈ గంటల కోసమే. కరెంటు బిల్లు మిగులుతుందని రాత్రి ఏరేటర్లు ఆపి పగలు తిప్పితే, తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలి కనిపిస్తాయి. నీటి రంగు బాగా చిక్కగా ఉన్న గుంటలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే పగలు ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే శైవలాలే రాత్రి ఎక్కువ తీసుకుంటాయి.

అదే భాగంలో 22వ నిమిషంలో చెక్ ట్రే (మేతను, రొయ్యల తీరును చూసేందుకు గుంటలో దించే పళ్లెం) ఎత్తే దృశ్యం ఉంది. కెమెరామన్ ఎవరో గానీ చాలా బాగా తీశారు. ట్రేలోంచి నీళ్లు జారిపోతుంటే అరచేతిలో ఒక రొయ్య, గాజులా పారదర్శకంగా ఉన్న దాని వీపు మీద తల నుంచి తోక దాకా తెగకుండా ముదురు రంగు గీత. సరిగ్గా అప్పుడే మీ వ్యాఖ్యాత "ఈ నల్లటి గీత వ్యాధి సోకిందనడానికి గుర్తు" అన్నారు. ఆ గీత దాని పేగు. మేత తిన్న రొయ్యకు పేగు నిండుగా, తెగకుండా అలాగే కనిపిస్తుంది. భయపడాల్సింది అది ఖాళీగా ఉన్నప్పుడు, మధ్యలో తెగిపోయినట్టు ఉన్నప్పుడు, తెల్లగా మారినప్పుడు. తెల్లగా మారితే ఇక్కడ వైట్ గట్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న రొయ్యను చూపించి జబ్బు రొయ్య అని చెప్పారు. రొయ్యల భాగంలో ఈ ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లోనూ తప్పే, కాబట్టి మూల స్క్రిప్టునే దిద్దాలి.

రాకెట్ భాగంలో తప్పులు ఎక్కువ. నష్టం తక్కువే గానీ పిల్లలు ఎక్కువగా చూసేది ఇదే.

6వ నిమిషంలో "ద్రవ హైడ్రోజన్‌ను 253 డిగ్రీల వద్ద, ద్రవ ఆక్సిజన్‌ను 183 డిగ్రీల వద్ద నిల్వ చేస్తారు" అన్నారు. రెండు చోట్లా మైనస్ అనే మాట ఎగిరిపోయింది. 253 డిగ్రీలంటే బజ్జీలు వేగే నూనె కన్నా వేడి. మైనస్ 253 అంటే హైడ్రోజన్ ద్రవంగా మారేంత చలి. ఇలాంటి అతి చల్లటి ద్రవాలతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్ చేయడం ఎందుకంత కష్టమో, ట్యాంకుల చుట్టూ అంత ఇన్సులేషన్ ఎందుకో ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. అది పోయాక తర్వాతి ఐదు నిమిషాల వివరణ ఎవరికీ అర్థం కాదు.

9వ నిమిషంలో ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజిన్ గురించి "800 కిలోవాట్ల శక్తి" అన్నారు. అది సుమారు 800 కిలోన్యూటన్ల థ్రస్ట్, అంటే రాకెట్‌ను నెట్టే బలం. బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం వేరు. న్యూటన్ బలానికి, జౌల్ శక్తికి, వాట్ సామర్థ్యానికి ప్రమాణం. పదో తరగతి పిల్లవాడు మూడింటినీ వేరుగా రాయకపోతే మార్కులు పోతాయి. మీ తెలుగు స్క్రిప్టులో మాత్రం మూడింటికీ "శక్తి" అనే ఒక్క మాటే. ద్రవ్యరాశి అనాల్సిన ప్రతి చోటా "బరువు", పీడనం అనాల్సిన చోట "ఒత్తిడి". మామూలు మాటల్లో బరువు అంటే తప్పులేదని ఒప్పుకుంటాం. కానీ అదే భాగంలో చంద్రుడి మీద బరువు ఆరో వంతు అవుతుందని చెప్పేటప్పుడు, అక్కడ మారేది బరువే గానీ ద్రవ్యరాశి కాదని చెప్పడానికి మీ దగ్గర మాట మిగల్లేదు.

11వ నిమిషంలో పీఎస్ఎల్వీ గురించి చెబుతూ చూపించింది ఎల్వీఎం3 అనే ఇంకో రాకెట్‌ను. పక్కన రెండు లావాటి బూస్టర్లు ఉంటే అది ఎల్వీఎం3. సన్నటి రాకెట్ మొదట్లో చుట్టూ ఆరు చిన్న స్ట్రాప్‌ఆన్‌లు (పక్కన కట్టే చిన్న బూస్టర్లు) ఉంటే అది పీఎస్ఎల్వీ ఎక్స్ఎల్. పైగా "అన్ని ఇంజిన్లూ ఒకేసారి మండి లేస్తుంది" అన్నారు. రెండింటికీ అది నిజం కాదు. ఎల్వీఎం3 లేచేటప్పుడు మండేవి ఆ రెండు ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు మాత్రమే. మధ్యలోని ద్రవ ఇంధన దశ దాదాపు రెండు నిమిషాలకు, గాల్లో ఉండగా మొదలవుతుంది. పీఎస్ఎల్వీ ఎక్స్ఎల్‌లో ఆరు స్ట్రాప్‌ఆన్‌లలో నాలుగు నేల మీద, మిగతా రెండు సుమారు 25 సెకన్లకు పైన మండుతాయి.

"భూభ్రమణం లాభం కోసం ఇక్కడి రాకెట్లన్నీ తూర్పుకే వెళ్తాయి" అన్నది కూడా సగం నిజం. శ్రీహరికోట ఉన్న అక్షాంశంలో భూమి తిరగడం వల్ల సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే కలిసొస్తుంది, తూర్పుకు వెళ్లే వాటికి అది లాభమే. ధ్రువాల మీదుగా తిరగాల్సిన ఉపగ్రహాలకు దానితో పనిలేదు, అవి దక్షిణానికి పోవాలి. నేరుగా పోతే కింద శ్రీలంక ఉంది. అందుకే పీఎస్ఎల్వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి, ఆ దీవిని తప్పించుకున్నాక దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చయి మోసుకెళ్లే బరువు తగ్గుతుంది. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర 2024లో రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేయడానికి ముఖ్య కారణం ఇదే. ఇంత మంచి విషయాన్ని ఒక్క వాక్యంతో తుడిచేశారు.

సూళ్లూరుపేట వైపు నుంచి తీసిన షాట్‌లో మంట కనిపించిన క్షణంలోనే గర్జన వినిపించేలా శబ్దం అతికించారు. అక్కడికి ప్రయోగ వేదిక 20 కిలోమీటర్ల పైచిలుకు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి చేరడానికి నిమిషం పడుతుంది. ముందు నిశ్శబ్దంగా వెలుగు, రాకెట్ బాగా పైకి పోయాక కిటికీలు అదిరే చప్పుడు, ఇదీ ఇక్కడివాళ్లు చూసేది, వినేది. ఆ నిమిషం ఖాళీని అలాగే ఉంచి ఉంటే కాంతికీ శబ్దానికీ ఉన్న తేడా ఎవరూ వివరించకుండానే తెలిసేది. ఇంకొకటి: శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందని మీరంటే మాకు సంతోషమే గానీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. దాన్నీ దిద్దండి.

చీమకుర్తి భాగానికి వస్తే, బ్లాక్ గెలాక్సీ అనే అక్కడి నల్ల రాయిలో మెరిసేవి "బంగారు రేణువులు" కావు. బ్రాంజైట్ అనే పైరాక్సిన్ ఖనిజం. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భశాస్త్రం ప్రకారం ఆ రాయి గాబ్రో అనే నల్లటి అగ్నిశిల కుటుంబానిది. ఆరంభంలో భూమి వయసు "నాలుగున్నర కోట్ల ఏళ్లు" అన్నారు. ఇంగ్లిష్‌లోని బిలియన్ అంటే 100 కోట్లు, కాబట్టి 450 కోట్ల ఏళ్లు. డైనోసార్లు అంతరించిందే 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. మీ లెక్కన అవి పోయాక భూమి పుట్టింది.

ఈ భాగంలో మేం అసలు వదిలిపెట్టలేనిది 17వ నిమిషం. డైమండ్ వైర్ "వేడితో రాయిని కరిగించి" కోస్తుందన్నారు. అది కరిగించదు, అరగదీస్తుంది. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా రెండు రంధ్రాలు లోపల కలిసేలా తొలిచి, వాటిలోంచి వైరు దూర్చి, కొసలు కలిపి వలయం చేస్తారు. కలిపే ముందు మీటరుకు ఒకటి రెండు మెలికలు తిప్పుతారు, లేకపోతే వైరుకు గుచ్చిన పూసలు ఒకే వైపు అరుగుతాయి. కోసేది పూసల మీది వజ్రపు రేణువులు, ఉక్కు తాడు వాటిని పట్టుకుని తిరుగుతుందంతే. కోతలోకి నీళ్లు ఆగకుండా పోయాలి. నీళ్లు ఆగితే పూసలు కాలి, వైరు తెగుతుంది. తెగిన వైరు కొరడాలా విసురుకుంటుంది, పూసలు తూటాల్లా ఎగిరొస్తాయి. అందుకే వైరు తిరిగే వరసలో, ముందు గానీ వెనక గానీ మనిషి నిలబడకూడదు. మీ దృశ్యంలో ఒక కార్మికుడు సరిగ్గా ఆ వరసలోనే నిలబడి ఉన్నాడు, మీ వ్యాఖ్యాత దాన్ని "ధైర్యం" అని మెచ్చుకున్నారు. ఆ షాట్ తీసేయండి, లేదా అది ప్రమాదమని చెప్పండి.

ఇక తయారీ లోపాలు. సబ్‌టైటిళ్లలో వత్తులు విడిపోతున్నాయి. "ద్రవ్యరాశి" అన్నది "ద్‌రవ్‌యరాశి" అని పడుతోంది. అక్షరాలను బొమ్మ మీద ముద్రించే మీ సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలను కలిపి పేర్చలేకపోతోంది. ఫాంట్ మారిస్తే సరిపోదు, లిపిని సరిగ్గా కూర్చే ప్రోగ్రాంతో మళ్లీ ముద్రించాలి. నేపథ్య సంగీతం మాటను మింగేస్తోంది. వినికిడి తగ్గినవాళ్లకు మాట స్పష్టంగా అందాలంటే నేపథ్యం కనీసం 20 డెసిబెల్స్ కింద ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. మీ రాకెట్ భాగంలో రెండూ సమానంగా మోగుతున్నాయి. తెలుగు వాక్యం ఇంగ్లిష్ వాక్యం కన్నా పలకడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, అందుకే మీ వ్యాఖ్యాత పరుగెడుతున్నారు, అంకెలు మింగుతున్నారు. సమయం చాలకపోతే "అద్భుతమైన", "నమ్మశక్యం కాని" లాంటి విశేషణాలు తీసేయండి. అంకెను, ప్రమాణాన్ని, మైనస్‌ను తీయకండి.

మేం అడుగుతున్నది ఇది. రొయ్యల భాగం తెలుగు వెర్షన్‌ను దిద్దేవరకు ఆపండి. మిగతా రెండు భాగాలకు వ్యాఖ్యానం మళ్లీ రికార్డు చేసేలోగా కనీసం తెర మీద సవరణ పట్టీలు వేయండి. ఇకపై తెలుగు స్క్రిప్టును రికార్డింగుకు ముందు ఆ విషయం తెలిసిన తెలుగు మనిషి చేత చదివించి, అనువాదకుల పేరుతో పాటు వారి పేరూ చివర వేయండి. ప్రతి అంకెనూ ప్రమాణంతో సహా ఇంగ్లిష్ స్క్రిప్టు పక్కన పెట్టి సరిచూసే ఒక జాబితా ఉంటే ఈ తప్పుల్లో సగానికి పైగా అసలు పుట్టేవి కావు. ఆ పని ఒక భాగానికి ఒక్క పూట చాలు.

చందా డబ్బు వెనక్కి ఇమ్మని అడగడం లేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం మీ ఫిర్యాదు అధికారి 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. నిమిషాల వారీగా తెలుగు, ఇంగ్లిష్ వాక్యాలను పక్కపక్కన రాసిన పట్టిక జత చేస్తున్నాం. సవరించిన స్క్రిప్టు పంపితే రికార్డింగుకు ముందే చదివి పంపడానికి మాలో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. దానికి మాకేమీ ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల చందాదారులు