శని, ఆదివారాలు మంచానికి రాసిచ్చేయకురా

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అంత పెద్ద నగరంలో ఉంటూ, శుక్రవారం రాత్రి ఫోన్‌లో నాటకాలు, కచేరీలు, ఎగ్జిబిషన్లు, వర్క్‌షాపులు అన్నీ వరసపెట్టి చూసి, దేనికి వెళ్ళాలో తేలక ఆదివారం సాయంత్రం దాకా మంచం దిగలేదంటావా? పైగా చివర్లో "ఇక్కడ చేయడానికేమీ లేదురా" అని ఒక ముక్క! ఏమీ లేకపోవడం కాదు, మరీ ఎక్కువ ఉండటమే నీ బాధ. సలహాలంటే నీకు ఒళ్ళుమంట అని తెలుసు. కానీ అడిగింది నువ్వే కాబట్టి భరించు.

ముందు ఆ పెద్ద పెద్ద పోస్టర్ల ఉత్సవాలను కాస్త పక్కన పెట్టు. వెళ్ళొద్దని కాదు. ఏడాదికోసారి జరిగే వాటికి జనం విరగబడతారు, లోపలికి వెళ్ళేసరికే నీ ఓపిక అయిపోతుంది, ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడకుండానే ఇంటికొస్తావు. కొత్త ఊళ్ళో మనిషికి కావాల్సింది ప్రతి వారం అదే చోట, అదే టైముకి జరిగే చిన్న కార్యక్రమం. మొదటిసారి వెళ్తే నువ్వెవరో ఎవరికీ తెలియదు. కొన్ని వారాలు వరసగా వెళ్ళి ఒకసారి మానేశావనుకో, "పోయిన వారం రాలేదేం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పలకరింపు కోసమే వెళ్ళమంటున్నా.

పార్క్‌రన్ సంగతే చూడు. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో మొదలైంది. పాల్ సింటన్ హ్యూవిట్ అనే ఆయనకి దెబ్బ తగిలి పరుగు ఆగిపోయింది. తోటి రన్నర్లతో స్నేహం తెగిపోకూడదని 5 కిలోమీటర్ల పరుగు ఒకటి పెట్టాడు. మొదటిరోజు పరుగెత్తింది 13 మంది. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది. ఎక్కువ చోట్ల శనివారం పొద్దునే జరుగుతుంది, పైసా కట్టక్కర్లేదు, నిర్వహించేదంతా వాలంటీర్లే. పరుగెత్తలేకపోతే నడవొచ్చు. అందరికంటే వెనకాల నడవడానికే ఒక వాలంటీరు ఉంటారు, కాబట్టి ఎంత మెల్లగా నడిచినా ఆఖరిస్థానం నీది కాదు. నీ పొట్ట సంగతి తెలుసు కాబట్టే ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నా.

అదీ కష్టమంటే, కార్లు ఆపేసి రోడ్లను జనానికి వదిలే ఆదివారాలు ఉన్నాయేమో కనుక్కో. కొలంబియాలోని బొగోటాలో 1974 నుంచీ ఇది జరుగుతోంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 100 కిలోమీటర్లకు పైగా రోడ్లు సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ, స్కేటింగ్ చేసేవాళ్ళకీ వదిలేస్తారు. మన దేశంలో గురుగ్రామ్‌లో 2013లో రాహ్‌గిరి పేరుతో ఇలాంటిదే మొదలుపెట్టారు. వీటిలో నాకు నచ్చేదేమిటంటే, టికెట్టు లేదు, సీటు నంబరు లేదు, ఆలస్యంగా వెళ్ళినా తలుపేసి ఉండదు. నీలాంటి నిద్రమొహానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక మ్యూజియం. "ఒకసారి వెళ్ళా, కాళ్ళు పీకాయి, మళ్ళీ వెళ్ళలేదు" అని రాశావు. అది నీ ఒక్కడి బాధ కాదురా. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం అలసట' మీద వ్యాసం రాశాడు. గాజు అరల్లో వస్తువులు చూడటానికి మనిషి ఎలా వంగాలో, ఎలా మెడ సాచాలో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. తప్పు చూసేవాడి ఓపికది కాదు, వస్తువులు అమర్చిన తీరుదే అన్నమాట. ఇంకోటి విను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో లెక్కకట్టి 2001లో అచ్చువేశారు. సగటున 27 సెకన్లు! పేరు చదివి, ఫోటో తీసుకుని, పక్క బొమ్మకి పోవడం. ఇలా నాలుగు అంతస్తులు తిరిగితే కాళ్ళు పీకవా మరి?

నువ్వు మాత్రం ఒక్క గదిలోకే వెళ్ళు. అన్నీ ఒక చుట్టు చూసి, నచ్చిన రెండు బొమ్మల దగ్గర కాసేపు నిలబడు, బెంచీ ఉంటే కూర్చో. పక్కన అతికించిన చీటీ తర్వాత చదువు. గంటలో బయటపడు. మిగతా గదులు ఎక్కడికీ పోవు. బెర్లిన్‌లో 1997లో మొదలైన 'మ్యూజియాల రాత్రి' లాంటివి మీ దగ్గరా జరిగితే సరదాగా తిరిగిరా, అర్ధరాత్రి మ్యూజియంలో తిరగడం బాగానే ఉంటుంది. కానీ ఆ తోపులాటలో బొమ్మలు చూడటం కుదరదు. చిన్న గ్యాలరీల్లో అయితే గీసినవాళ్ళే ఒక మూల నిలబడి ఉంటారు. వాళ్ళని "దీనికెన్ని రోజులు పట్టింది?" అని మాత్రం అడక్కు, అందరూ అడిగేది అదే. "ఏ బొమ్మ పెట్టకూడదనుకుని చివర్లో పెట్టారు?" అని అడిగి చూడు.

సంగీతం గురించి నీకేమీ తెలియదని కచేరీలకు భయపడుతున్నావు. లండన్‌లో 1895లో ప్రొమనేడ్ కచేరీలు మొదలుపెట్టింది నీలాంటివాళ్ళ కోసమే. తక్కువ ధరకి నిలబడి వినే టికెట్లు పెట్టారు, మొదట్లో వింటూ తినడానికీ తాగడానికీ కూడా ఒప్పుకున్నారు. ముందు తేలికైనవి వినిపించి, మెల్లగా బరువైనవి అలవాటు చేయాలనేది వాళ్ళ ఉపాయం. నువ్వూ అలాగే వెళ్ళు. టికెట్టు చవకది తీసుకో, సీటు చివరిది చూసుకో. నచ్చకపోతే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేయ్, పాపమేమీ కాదు. నాటకానికీ అంతే. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 1947లో పెద్ద ఉత్సవం పెట్టుకుంటే, పిలవని ఎనిమిది బృందాలు తమంతట తామే వెళ్ళి పక్కన ఆడాయి. ఈరోజు లోకమంతా చెప్పుకునే ఫ్రింజ్ అనే నాటకాల పండగ పుట్టింది అక్కడే. అందుకే చిన్న హాల్లో కొత్త కుర్రాళ్ళు వేసేవి వదలకు. కొన్ని ఘోరంగా ఉంటాయి, కానీ వాటి గురించి నాకు రాయడానికి బోలెడంత దొరుకుతుంది.

అన్నట్టు, బొమ్మలు గీయడం పూర్తిగా మానేశావా? లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో మాస్టారి మీసాలు ఎంత బాగా గీసేవాడివి! అమెరికాలో సియాటిల్ పత్రికలో పనిచేసిన గాబ్రియెల్ కాంపనారియో 2007లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన 'అర్బన్ స్కెచర్స్' బృందాలు ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్నాయి. నలుగురూ ఒక వీధి మూల కూర్చుని కంటికి కనిపించింది గీసి, చివర్లో పుస్తకాలన్నీ నేలమీద పరిచి చూసుకుంటారు. మాట్లాడక్కర్లేకుండా మనుషుల మధ్య ఉండొచ్చు. నన్నడిగితే నీకు అన్నిటికంటే సరిపోయేది ఇదే.

ఒక్క షరతు. ఏం చూడాలో శుక్రవారం రాత్రి తేల్చకు, అప్పటికి బుర్ర పనిచేయదు. బుధవారమే ఒకటి, ఒక్కటే ఎంచుకో. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పూర్తిగా ఖాళీగా ఉంచు, బట్టలు ఉతుక్కోవాలి కదా.

నాకు వచ్చే నెల సెలవు దొరికేలా ఉంది. దొరికితే మీ ఊరొస్తా. ఈలోపు ఆ చిన్న హాళ్ళ నాటకాలేవో నువ్వే చూసి, అన్నిటికంటే ఘోరమైనదానికి నన్ను తీసుకెళ్ళు.

ఉంటాను మరి.