ఫిర్యాదుల అధికారి గారికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. మీ కృత్రిమ మేధ చిత్రాల వేదికకు మూడు నెలల్లో నాలుగు ఫిర్యాదులు పంపాను. యంత్రం పంపిన రసీదులే తప్ప మనిషి రాసిన జవాబు రాలేదు గనుక, నలుగురి ఎదుట ఇలా రాయవలసి వచ్చింది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు లంగాఓణీలో దిగిన మా విద్యార్థిని ఫొటోను ఎవరో మీ పరికరంలో వేసి, ఒంటిమీద బట్టలు లేనట్టు మార్చి, మీ ప్రదర్శన పుటలోనే పెట్టారు. ముఖం ఆమెది, శరీరం ఆమెది కాదు. గంటస్తంభం దగ్గర ఎదురైన ప్రతివారికీ ఆ తేడాను ఆమె తల్లి ఎలా వివరించగలదు? ఆ అమ్మాయి సెమిస్టర్ పరీక్షలు రాయలేదు.

పొందూరు ఖద్దరు చీర కట్టిన కూలీ బొమ్మ అడిగితే మీ యంత్రం చీర జారిన సుందరిని గీసింది. రైతును అడిగితే మాత్రం నిండుగా చొక్కా తొడిగింది. అంతర్జాలం నుంచి ఏరిన చిత్రాలతో నేర్చిన యంత్రానికి అక్కడి చూపే అబ్బుతుందని తెలుసు, కానీ వడపోత పెట్టవలసింది మీరే.

నగ్నంగా మార్చిన చిత్రాలను బాధితుల ఫిర్యాదు అందిన 24 గంటల్లో తొలగించాలని 2021 నాటి ఐటీ నియమాలే చెప్పాయి. కాబట్టి ఆ చిత్రాన్ని, దాని నకళ్లను వెంటనే తొలగించండి. నిజమైన వ్యక్తుల ఫొటోలను వివస్త్రం చేసే సౌకర్యాన్ని పూర్తిగా ఆపండి. తెలుగు చదవగల మనిషిని ఫిర్యాదుల వద్ద నియమించి, ఆ అమ్మాయికి లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు, విజయనగరం