నీటి లెక్క జనం కళ్ల ముందుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నీటి కొరత రాగానే స్మార్ట్ మీటర్లు, సెన్సార్ల మాట వినిపిస్తుంది. అవి అవసరమే. అర్ధరాత్రి ఎవరూ వాడని వేళ కూడా పైపులో నీరు పారుతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. మీటరు దాన్ని పట్టిస్తుంది. కానీ ఆ లెక్క ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండిపోతే ఏం లాభం?

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం కుళాయిలు కట్టేసే స్థితికి చేరింది. మనిషికి రోజుకు 50 లీటర్లే అని పరిమితి పెట్టారు. పొదుపుగా వాడే ఇళ్లను ఆన్‌లైన్ మ్యాపులో ఆకుపచ్చ చుక్కలతో చూపించారు. జనం వాడకం తగ్గించారు, తర్వాత వానలూ పడ్డాయి, ఆ గండం గట్టెక్కింది. ఇంటింటి వివరాలు బయటపెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. వీధి మొత్తం లెక్క చూపినా సరిపోయేది.

భూగర్భజలం దగ్గర లెక్క అందరికీ తెలియడం మరీ ముఖ్యం. ఒకరు బోరు లోతుగా వేస్తే పక్కవారిది ఎండిపోవచ్చు. రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసుకుని, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయాలో విత్తే ముందే కూర్చుని మాట్లాడుకుంటే, ఆ మాటను వాళ్లే నిలబెట్టుకుంటారు. అధికారులకు నా విన్నపం ఒక్కటే: పరికరాలకు డబ్బు కేటాయించేటప్పుడు, ఆ లెక్కలు చదవడం జనానికి నేర్పడానికీ కొంత తీసిపెట్టండి.

– ఒక పాఠకురాలు