కొట్టు ఎత్తేయలేదు, మేష్టారి వీధిగదిలోకి మారింది: మా వీధివాళ్ళకి కృతజ్ఞతలు

ముందు అందరూ అడుగుతున్నదానికి జవాబు చెప్పేస్తాను. మా కిరాణా కొట్టు మూసేయలేదు. పాత చోటుకి కాస్త అవతల, మేష్టారి ఇంటి వీధిగదిలోకి మారింది. దసరా ముందు మారాం. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ పండగ హడావిడి అయ్యాక ఇప్పటికి కాస్త తీరిక దొరికింది కాబట్టి ఇది రాస్తున్నాను. మా ఆయన ఇలాంటివి రాయడు. ఎవరైనా సాయం చేస్తే ఆ మనిషికి తూచే బెల్లంలో ఇంకో ముక్క వేస్తాడు, అదే ఆయన చెప్పే థాంక్స్. నాకది చాలదనిపించింది.

మా వీధి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. విజయనగరంలో కోటకీ గంటస్తంభానికీ మధ్య ఉన్న పాత వీధుల్లో ఒకటి మాది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రెండు వైపులా పెంకుటిళ్ళే, ప్రతి ఇంటికీ అరుగు. ఇప్పుడు ఆ ఇళ్ళు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్ళిపోయాయి. పైన ఫ్లాట్లు, కింద షట్టర్లు. ఫ్లాట్లు నిండుతున్నాయి, సంతోషమే. షట్టర్లు మాత్రం దించినవి దించినట్టే ఉన్నాయి. ఒకదాని మీద 'టు లెట్, బ్యాంకులకు, షోరూములకు మాత్రమే' అని బోర్డు ఉంది. బోర్డు రంగు వెలిసిపోయింది గాని బ్యాంకు రాలేదు. షట్టరు మీద కోచింగ్ సెంటర్ పోస్టరు, దాని మీద పళ్ళ డాక్టరు గారి పోస్టరు, కింద వరసగా ఎవరెవరి బళ్ళో.

మా పాత ఓనరు గారు పోయాక పిల్లలు ఆస్తి పంచుకున్నారు. వాళ్ళెవరూ ఇక్కడ ఉండరు. అద్దె మూడింతలన్నారు, పది నెలల అడ్వాన్సన్నారు, కుదరకపోతే ఖాళీ చేయమన్నారు. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, ఊరి రేట్లు మారిపోయాయి అని వాళ్ళ మాట. ఎయిర్‌పోర్టుకీ మా కందిపప్పుకీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు గాని, ఆస్తి వాళ్ళది. దానిమీద నేనేం అనను.

వీధిలో ఇన్ని షట్టర్లు ఖాళీగా ఉన్నాయి కదా, ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుని అడగడం మొదలుపెట్టాం. ఒకచోట మెల్లిగా చెప్పారు, ఒకచోట మొహం మీదే చెప్పారు: 'కిరాణాకి ఇవ్వమండీ. ఎలుకలొస్తాయి, బస్తాలు గోడలకి ఆనించేస్తారు, ఎండుచేపల వాసన పైకి వస్తుంది.' మేం ఎండుచేపలు అమ్మం. అయినా సరే. ఒక బ్రోకరు కుర్రాడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తక్కువ అద్దెకి ఒకసారి ఇచ్చేస్తే రేపు ఆ బిల్డింగు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ అద్దె చూసే ధర కడతాడట. ఖాళీగా ఉంటే 'ఇంత వస్తుంది' అని నోటితో చెప్పుకోవచ్చు. పైగా చిన్న కొట్టువాళ్ళు ఒకసారి దిగితే లేవరని భయం. అందుకని బ్యాంకో బట్టల షోరూమో వచ్చేదాకా తాళమే. ఆ మాట విన్నాక నాకు వెతకాలన్న ఆశ పోయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. మా ఆయన పైకి ఏమీ అనలేదు గాని సరుకు తెప్పించడం తగ్గించేశాడు.

మేం ఖాళీ చేస్తున్నామన్న సంగతి వీధిలో పాకింది. అప్పుడు జరిగినవాటి గురించే ఈ పోస్టు.

మాది పద్దు మీద నడిచే కొట్టు. కొట్టు మారుతోందంటే బాకీలు మునిగినట్టే అని ఈ వ్యాపారంలో ఎవరినడిగినా చెబుతారు. ఊరుకుంటే చాలు, ఎగ్గొట్టామన్న మాట కూడా రాదు. మావాళ్ళు ఊరుకోలేదు. ఎదురుగా లేస్తున్న అపార్టుమెంటులో ఇటుకలు మోసే ఒకావిడ ఉంది. రోజూ కూలి చేతికొచ్చాక చీకటి పడే వేళకి వస్తుంది. పావుకేజీ కందిపప్పు, కాస్త చింతపండు, ఎండుమిర్చి, చిన్న నూనె ప్యాకెట్టు, అప్పుడప్పుడు చోడిపిండి, అదే రాగిపిండి. పని లేని రోజు పద్దు. ఆ రోజు వచ్చి 'ఏటమ్మా, కొట్టు ఎత్తేస్తన్నారంట గదా, నా బాకీ ఎంతుందో సూడు' అంది. 1,840 రూపాయలు. 'తొందరేం లేదులే' అన్నాను. కొంగు ముడి విప్పింది. వందలూ యాభైలూ కలిపి బిగించి చుట్టి ఉన్నాయి, మడతల్లో సిమెంటు దుమ్ము. లెక్కపెట్టి బల్లమీద పెట్టి, 'నా కళ్ళెదుట కొట్టెయ్యి' అంది. పేజీ మీద అడ్డంగా గీత గీసేదాకా కదల్లేదు. తర్వాత పావుకేజీ పప్పు అడిగి దానికి కూడా రొక్కమే ఇచ్చింది. పద్దు రాస్తానంటే, 'కొత్త కొట్టులో రాద్దువులే' అంది. అప్పటికి కొత్త కొట్టు ఎక్కడో మాకే తెలియదు!

ఆ వారంలో పుస్తకంలో సగానికి పైగా పేజీలకి గీతలు పడ్డాయి. కట్టలేకపోయినవాళ్ళు కూడా వచ్చి 'ఇంత ఉంది, సంక్రాంతిలోపు ఇస్తాం' అని చెప్పి వెళ్ళారు. ఆ డబ్బే మాకు మారే ఖర్చయింది. అప్పు చేయకుండా గట్టెక్కామంటే మీ వల్లే.

ఇలాంటి కొట్టు పోతే నష్టం ఎవరికో మీరు నాకంటే ముందే ఆలోచించారు. సూపర్ మార్కెట్లో ఏసీ ఉంటుంది, ఆఫర్లుంటాయి, కాదనను, నేనూ వెళ్తాను. కానీ అక్కడ పప్పు ప్యాకెట్టు ఎక్కువగా అరకేజీ నుంచే మొదలు. పది రూపాయల పోపుదినుసులు ఎవరూ కట్టివ్వరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: 2022 జూలై నుంచి లేబులు వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పుల మీద 25 కేజీల వరకు 5 శాతం జీఎస్టీ ఉంది. బస్తాలోంచి తీసి విడిగా తూచి ఇచ్చేదానికి లేదు. కూలి డబ్బుతో రోజూ కొనుక్కునేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. ఇక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు గంటస్తంభందాకా ఆటోలో వెళ్ళి వస్తే, సరుకుల మీద మిగిలింది ఆటోవాడికే సరిపోతుంది.

మేష్టారి సంగతి. రిటైరైన లెక్కల మేష్టారు, మా వీధిలో మిగిలిన పెంకుటిళ్ళలో ఒకటి ఆయనది. బిల్డర్లు ఆయన అరుగు మీద కూర్చుని కాఫీలు తాగి వెళ్తూనే ఉంటారు, ఆయన కాఫీ ఇస్తూనే ఉంటారు, సంతకం మాత్రం పెట్టరు. ఒక ఉదయం పాలప్యాకెట్టుకి వచ్చి, 'మా వీధిగది కొలుచుకోండి, మీ రాకులు పడతాయేమో' అన్నారు. మా ఆయన అడ్వాన్సు ఎంతో అడిగాడు. ఆయన వినిపించుకోలేదు. 2013 అక్టోబరులో ఊళ్ళో కర్ఫ్యూ పెట్టినప్పుడు మా మావయ్యగారు వెనకతలుపు తీసి పాలడబ్బా ఇచ్చారట. అప్పటికి మేష్టారి మనవరాలు చంటిపిల్ల. ఆ మరుసటి ఏడాది హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తుల మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదట. నాకైతే ఇవేవీ గుర్తు లేవు. మావయ్యగారు ఇంట్లో చెప్పే మనిషి కూడా కాదు. మేష్టారు తేదీలతో సహా చెప్పారు. లెక్కల మేష్టారు కదా.

అద్దె మేం పాత చోట కట్టినంతే. షరతులు మాత్రం మూడు పెట్టారు. సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదు. అరుగు సగం ఆయనకి వదలాలి, పేపరు చదువుకోడానికి. మధ్యాహ్నం ఆయన పడుకునే వేళ కాటా మీద గుండు ఠంగుమని పెట్టకూడదు. మాది ఎలక్ట్రానిక్ కాటా మేష్టారూ, గుండ్లు లేవు అంటే, 'అది కూడా కుయ్యిమంటుందిగా' అన్నారు. గది మా పాత కొట్టులో సగం ఉంటుంది. అందుకని ప్లాస్టిక్ సామాన్లు, చీపుళ్ళ వరస తీసేశాం. మేష్టారూ, మీ ఇంట్లో చోటిచ్చినందుకు, బిల్డరు ఎదుట మమ్మల్ని 'వీళ్ళు మావాళ్ళు' అన్నందుకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాం.

సామాను మార్చింది రాత్రిపూట. పగలు ఆ సందులో ట్రాలీ ఆటో తిరగదు. మార్కెట్‌లో లోడు దించే కళాసీలు పని ముగించుకుని వచ్చి బస్తాలు, డబ్బాలు, మావయ్యగారి నాటి టేకు గల్లాపెట్టె మోశారు. కూలి తీసుకోలేదని రాస్తే బాగుంటుంది గాని అబద్ధమవుతుంది. తీసుకున్నారు, తీసుకోవాలి కూడా, అది వాళ్ళ కష్టం. వాళ్ళు చేసిన ఉపకారం వేరే ఉంది. వాన పడుతుంటే ఒక్క పంచదార బస్తా తడవనివ్వలేదు. టార్పాలిన్ సరుకు మీద కప్పి, వాళ్ళు తడిశారు. ఒకాయన గల్లాపెట్టెని ఒక్కడే ఎత్తుకుని, 'ముందు లచ్మీదేవిని తీసుకెళ్ళాలి బావూ' అని మిగతావాళ్ళని ఆపి మరీ ముందు నడిచాడు.

సరిగ్గా అదే సమయంలో జీఎస్టీ మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె లాంటివాటి మీద 18 శాతం 5 శాతమైంది. కొనేవాళ్ళకి మంచిదే. మా దగ్గర మాత్రం పాత రేటుకి కొన్న స్టాకు ఉంది, కొనేవాళ్ళు కొత్త ధరే అడుగుతారు, అది న్యాయం. మాకు సరుకు వేసే హోల్‌సేల్ షావుకారు ఆ తేడా తర్వాతి బిల్లులో తగ్గించి ఇస్తానని మాటిచ్చి, ఇచ్చారు. కదలని సరుకు వెనక్కి తీసుకున్నారు. పండగ సరుకుకి గడువు కూడా ఇచ్చారు. వ్యాపారంలో ఇలాంటి మాటకి కాగితం ఉండదు. ఆయన నిలబడ్డారు.

వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాలి. ట్రేడ్ లైసెన్సులో, ఫుడ్ రిజిస్ట్రేషన్‌లో అడ్రసు మార్చాలని మాకు తట్టలేదు. ఆ అమ్మాయే కొత్తిమీర కొనడానికి వచ్చినప్పుడు అడిగింది. ఏ కాగితాలు కావాలో బిల్లు వెనకాల రాసిచ్చింది. కాటాకి తూనికలు కొలతల ముద్ర ఏడాదికోసారి పడాలి కదా, అది ఎప్పుడు పడిందో కూడా చూసుకోమంది. మా అబ్బాయి వయసు పిల్ల, తల్లిలా గుర్తుచేసింది.

కొత్త ఫ్లాట్లవాళ్ళ గురించి మా వీధిలో పాతవాళ్ళు ఒక మాట అంటుంటారు, వాళ్ళకి యాప్ ఉంటే చాలు, మన కొట్లతో పనిలేదని. పూర్తిగా నిజం కాదు. నెల సరుకులు యాప్‌లోనే తెప్పించుకుంటారు, మేం చూస్తూనే ఉన్నాం, బళ్ళు మా ముందునుంచే పోతాయి. కానీ రాత్రి పెరుగు ప్యాకెట్టుకీ, పూజ మధ్యలో అయిపోయిన కర్పూరానికీ మా దగ్గరికే పరిగెత్తుకొస్తారు. మూడో అంతస్తులో ఉండే అప్ప (అక్క) మేం మారిన సంగతి వాళ్ళ గ్రూపులో పెట్టింది. వాళ్ళ అబ్బాయి మ్యాపులో కొట్టుని పాత చోటు నుంచి కొత్త చోటుకి జరిపాడు, బయటినుంచి ఫోటో కూడా తీసిపెట్టాడు. ఆ ఫోటోలో మేష్టారు పేపరు చదువుతూ పడ్డారు. ఇప్పుడు కొంతమంది ఆయన్నే కొట్టు ఓనరనుకుని ఉప్పు ధర అడుగుతున్నారు. ఆయన చెబుతున్నారు కూడా, సరిగ్గానే.

పైడితల్లమ్మ పండగలో అక్టోబరు 6న తొలేళ్ళు (తొలిరోజు), 7న సిరిమాను ఉత్సవం. ఆ రెండు రోజులూ మా ప్రాంతంలో కొట్టున్నవాళ్ళకి ఎంత ముఖ్యమో ఊళ్ళోవాళ్ళకి చెప్పక్కర్లేదు. పసుపు, కుంకుమ, బెల్లం, కొబ్బరికాయలు, పల్లెల నుంచి వచ్చే చుట్టాల కోసం పంచదార, టీపొడి, పాలు. కొత్త చోటు ఎవరికి తెలుస్తుందని నా భయం. పాత షట్టరు ముందు కూరగాయల బండి పెట్టే పిన్ని రెండు రోజులూ వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాపి చూపిస్తూనే ఉంది. ఆవిడ బండి బేరం ఆపుకుని మరీ చెప్పింది. పిన్నీ, ఆ చెయ్యి నొప్పికి నేను కాపడం పెట్టాలి.

పాత షట్టరు ఇంకా దించే ఉంది. దాని మీదా ఒక బోర్డు వేలాడుతోంది.

కొట్టు పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. పద్దు పుస్తకం అదే, పేజీలు అవే. చోడిపిండి, గంటెపిండి (సజ్జపిండి) ఇదివరకటిలాగే ఉన్నాయి. ప్లాస్టిక్ బకెట్లు, చీపుళ్ళు కావాలంటే ముందురోజు చెప్పండి, తెప్పిస్తాం.

ఇంకొక్క విషయం. సామాను మార్చిన రాత్రి కళాసీలకి ఎవరో పెద్ద స్టీలు గిన్నెతో పులిహోర పంపారు. ఆ వానలో, ఆ హడావిడిలో ఎవరు తెచ్చారో చూసుకోలేదు. గిన్నె అడుగున పేరు చెక్కి ఉంది గాని తోమి తోమి అరిగిపోయింది, మొదట్లో 'స' ఒక్కటే కనిపిస్తోంది. మా వీధిలో సత్యవతులు, సరస్వతులు, సావిత్రులు చాలామంది ఉన్నారు. గిన్నె గల్లాపెట్టె పక్కనే పెట్టాను. ఎవరిదో వచ్చి పట్టుకెళ్ళండి.